పలక మీద యాభై పేర్లు: సియాటిల్ చలినీళ్లలో ఒక డైవింగ్ డైరీ

లెక్క ఇది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా ప్యూజెట్ సౌండ్‌లో, అంటే సియాటిల్‌ని ఆనుకుని ఉన్న సముద్రపు పాయలో, దిగినప్పుడల్లా కనిపించిన జీవుల్ని పేరుతో సహా గుర్తుపట్టాలి. మొత్తం యాభై జాతులు. పెట్టుకున్న షరతు ఒక్కటే: పేరు రాయాలంటే, ఆ పేరే ఎందుకో చెప్పే ఆనవాలు ఒకటి నేను స్వయంగా చూసి ఉండాలి. "గోధుమరంగు చేప, రాక్‌ఫిష్ కావచ్చు" లాంటివి లెక్కలోకి రావు.

నాలుగేళ్లుగా ఇక్కడ డైవింగ్ చేస్తున్నాను. ఎవరైనా "ఏం చూశావు?" అనడిగితే నా దగ్గరున్న జవాబు "ఆక్టోపస్, బోలెడు చేపలు, పువ్వుల్లాంటివేవో". వైజాగ్ రుషికొండలో నేర్చుకునేటప్పుడూ ఇదే కథ. కానీ అక్కడ నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, ఊరికే తేలుతూ తిరిగినా పైసా వసూలే. ఇక్కడ ఏడాది పొడుగునా 7 నుంచి 13 డిగ్రీల మధ్యే. అంత చలికి ఓర్చుకుని, అంత డబ్బు పోసి, ఏం చూశామో తెలియకుండా పైకి రావడమంటే టికెట్ కొనుక్కుని హాల్లో నిద్రపోయినట్టు.

ఎక్కువ డైవులు వెస్ట్ సియాటిల్‌లోని సీక్రెస్ట్ పార్కు, కోవ్ 2లో. ఒడ్డు నుంచి నడిచి దిగిపోవచ్చు. అడుగున పాత చెక్క గుంజలు, ఇనుప దూలాలు, హనీ బేర్ అని పిలిచే మునిగిన పడవ. పక్కనే వాటర్ టాక్సీ రేవు, అటు మాత్రం పోకూడదు. నాతో జతగా దిగే బడ్డీ భీమవరం కుర్రాడు, పాత ఆఫీసులో నా టీమ్‌లో ఉండేవాడు. నన్ను "అన్నా" అంటాడు గానీ నీళ్ల కింద వాడే నాకు అన్న.

అక్టోబర్ 11, కోవ్ 2

మొదటి ఎంట్రీయే పరువు తక్కువ ఎంట్రీ. డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని డైవింగ్ సూటు) జిప్పు చివర అంగుళం మిగిలిపోయింది, చూసుకోలేదు. పదిహేను అడుగుల లోతుకి వెళ్లేసరికి ఎవరో నడుము మీద చల్లటి చెంబు వంపినట్టు అనిపించింది. ఆ నీరు ఎడమకాలి మేజోడు దాకా పోయింది. డ్రైసూట్ వెచ్చదనమంతా లోపల వేసుకునే దళసరి బట్టల్లో చిక్కిన గాలిదే. ఆ బట్టలు తడిస్తే సూటు ఉన్నా లేనట్టే. తొమ్మిది నిమిషాలకే పైకి వచ్చేశాం. 

పార్కింగ్‌లో ఫ్లాస్కులో టీ తాగుతుంటే వాడన్న మాట: "జిప్పు మీది చెయ్యి ఆఖరికి ఎక్కడ ఆగిందో చూసుకోవాలన్నా. లాగడం కాదు, చూడటం." వాడు జిప్పు గురించే అన్నాడు.

లెక్క: 0.

అక్టోబర్ 18, కోవ్ 2

నీళ్లు 53 ఫారన్‌హీట్, అంటే 12 సెల్సియస్ లోపే. పదిహేను అడుగుల దాకా పచ్చగా మజ్జిగపులుసు, ఆ కింద కాస్త తేట. ఈ పచ్చదనాన్ని తిట్టుకోని డైవర్ లేడు. కానీ ఇక్కడ ఇంత జీవం ఉన్నదీ దానివల్లే. ఆటుపోట్లు అడుగునున్న పోషకాల్ని కలియబెట్టి పైకి తెస్తాయి, చలినీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, వెలుతురు తగిలేచోట ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే సూక్ష్మజీవాలు, పెరుగుతుంది. దాన్ని వడకట్టుకుని తినేవి, వాటిని తినేవి, ఆ పైన మేము, కళ్లు చికిలించుకుంటూ.

నంబర్ 1 ప్లూమోస్ ఎనిమోన్. గుంజల నిండా తెల్లగా, మూరెడు పొడుగు కాడల మీద కాలీఫ్లవర్ పువ్వులు విచ్చుకున్నట్టు. దీన్ని ఇంకో దానితో పొరబడటం కష్టం, అందుకే మొదటిది.

నంబర్ 2, 3 పీతలు. రెడ్ రాక్ పీత, డంజనెస్ పీత. రెండూ ఇసుకలో సగం కూరుకుని కూర్చుంటే ఒక్కలాగే కనిపిస్తాయి. పెద్దకాళ్ల గోళ్ల కొసలు చూడాలి. రెడ్ రాక్‌కి నల్లగా కాటుక అంటినట్టు ఉంటాయి, డంజనెస్‌కి తెల్లగా ఉంటాయి. డంజనెస్ నాకు కొత్తేమీ కాదు, మా ఆవిడ పెట్టే పీతల ఇగురు దానిదే. కొస తెలుపని మాత్రం ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. ప్లేట్లోకి వచ్చేసరికి అంతా ఎరుపే కదా.

నంబర్ 4 నోబుల్ సీ లెమన్. ఇది చిప్ప లేని సముద్రపు నత్త, న్యూడిబ్రాంక్ జాతి. నా అరచేయంత, నిమ్మపండు రంగులో, ఒళ్లంతా చిన్న చిన్న బొడిపెలు, మధ్యమధ్య నల్ల చుక్కలు. ఎంత పసుపంటే, టార్చి పడగానే వెలిగింది. ఇంకేం, ఇదే నోబుల్ అని రాసేశాను.

ఇంకో రెండు స్టార్‌ఫిష్‌లు. లెక్క: 6.

నవంబర్ 1, కోవ్ 2

చెయ్యి పనిచేయట్లేదు. పలక, మామూలు పెన్సిల్ తీసుకెళ్తాను, నీళ్లలోనూ రాస్తుంది. కానీ ఏడు మిల్లీమీటర్ల చేతి తొడుగులతో, ఇరవై నిమిషాలయ్యాక, పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు రాయలేకపోతున్నాను. అందుకని పొట్టి తెలుగు పేర్లు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ప్లూమోస్ 'గోబీ', సీ లెమన్ 'నిమ్మ', సీ పెన్ 'ఈక'. బూరుగు పువ్వులా కనిపించే పెద్ద ట్యూబ్ పురుగుకి 'కుచ్చు'. సంఖ్యలకి రీఫ్ సంస్థ వాలంటీర్లు చేప సర్వేల్లో వాడే పద్ధతే: ఒక్కటే అయితే ఎస్, 2 నుంచి 10 అయితే ఎఫ్, 11 నుంచి 100 అయితే ఎమ్, నూరు దాటితే ఏ. కరెక్టుగా లెక్కపెట్టక్కర్లేదు, చలిలో మనిషికి ఇంతకన్నా చేతకాదని తెలిసినవాళ్లెవరో పెట్టిన పద్ధతి.

ఇవాళ ఆరు కొత్తవి అనుకుని సంబరపడ్డాను. సాయంత్రం ఫోటోలు చూస్తే అయిదే. ఒళ్లంతా బంగారు గోధుమ చుక్కలున్న చేప ఒకటి, తల చుట్టూ నీలి మచ్చలున్న ముదురు చేప ఇంకొకటి అని రెండు పేర్లు వెతుకుతుంటే తేలింది: రెండూ కెల్ప్ గ్రీన్‌లింగే. చుక్కలది ఆడది, నీలిమచ్చలది మగది. భార్యాభర్తల్ని వేరు వేరు రేషన్ కార్డుల్లో రాసినట్టయింది.

లెక్క: 11.

నవంబర్ 15, కోవ్ 2

రాక్‌ఫిష్ రోజు. ఇన్నాళ్లూ నాకు అన్నీ 'గోధుమ చేప'. ఈసారి దిగేముందే మూడు ఆనవాళ్లు పలక మీద రాసుకున్నాను. కాపర్ అయితే పక్క గీత వెంట, ఒంటి మధ్య నుంచి తోక దాకా, పాలిపోయిన పట్టీ ఉంటుంది. క్విల్‌బ్యాక్ అయితే వీపు ముళ్లు పొడుగ్గా, మధ్య లోతుగా కోసుకుపోయి, ముందు భాగమంతా నువ్వులు జల్లినట్టు మచ్చలు. బ్రౌన్ అయితే మొప్పల మూత మీద ముదురు మచ్చ.

హనీ బేర్ దగ్గర కదలకుండా ఆగి ఉన్నాం. అవి కూడా కదల్లేదు. మూడు నిమిషాల్లో మూడూ దొరికాయి, ఒకే దూలం కింద, పక్కపక్కన. నాలుగేళ్లుగా వీటి మధ్య నుంచే ఈదుకుంటూ పోయాను.

రంగు గురించి ఒక మాట. నీటిలో ముందు పోయేది ఎరుపు. ఈ పచ్చనీళ్లలో ఇరవై అడుగుల కింద ఎర్ర చేప నల్లగా, నారింజ చేప బూడిదగా కనిపిస్తుంది. టార్చి వేస్తే అసలు రంగు వస్తుంది, కానీ టార్చికి, కెమెరాకి వాటి అభిప్రాయాలు వాటికుంటాయి. అందుకే పాత డైవర్లు ఆకారం, మచ్చ ఉండే చోటు, ముళ్ల వరస చెప్తారు, రంగు ఆఖరున చెప్తారు.

ఇంకో నిమ్మనత్త కనిపించింది, కానీ వెలిసిపోయిన పసుపు, ఒంటి మీద నల్ల మచ్చలు ఎక్కువ. వాడు పైకొచ్చాక "మాంటెరే డోరిడ్ అన్నా అది" అన్నాడు. రాశాను, నంబర్ 15.

లెక్క: 16.

నవంబర్ 29, సండ్ రాక్, హుడ్ కెనాల్

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రెండు గంటల డ్రైవ్. ఇది ప్రైవేటు స్థలం, డబ్బు కట్టి దిగాలి. పేరుకి కెనాలే గానీ ఇదీ సముద్రపు పాయే; దీని దక్షిణపు కొసన వేసవి చివర్లో, శరదృతువులో అడుగు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంటుంది. అలాంటప్పుడు చేపలు పై నీళ్లలోకి వచ్చి గుంపు కడతాయి. ఇవాళ అలాంటి గుంపేమీ లేదు, అవి ఉండాల్సిన చోటే ఉన్నాయి.

వుల్ఫ్ ఈల్ కోసమే వచ్చాం. పేరులో ఈల్ ఉన్నా ఈల్ కాదు, వుల్ఫ్ ఫిష్ కుటుంబం. బండ సందులోంచి తల బయటపెట్టి చూసింది. మగది. తల ఉబ్బి, బూడిద రంగులో, ముడతలు పడిన మా పెదతాతయ్య మొహం, పళ్లసెట్టు తీసేసినప్పటిది. లోపల ముదురు గోధుమరంగులో ఆడది. జంటగా ఒకే కన్నంలో కాపురం. ముళ్ల బంతుల్లాంటి అర్చిన్లనీ పీతల్నీ పెంకుతో సహా నమిలేసే దవడలవి. ఆ మొహం చూసి భయపడేవాళ్లుంటారు గానీ, నాకైతే దానికి ఏదో చెప్పాలనుంది, మాటలు రావట్లేదు అనిపించింది.

లెక్క: 21. వచ్చేటప్పుడు దారిలో వాన. హీటర్ ఫుల్ పెట్టినా కాళ్లు ఒలింపియా దాటేదాకా నావి కావు.

డిసెంబర్ 13, కోవ్ 2, రాత్రి

రాత్రి డైవ్. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది కాబట్టి 'రాత్రి' అంటే ఆరున్నర. చలికాలంలో ఇక్కడ బాగా తగ్గే ఆటు అర్ధరాత్రి వైపు పడుతుంది, పగలంతా నీళ్లు నిండుగానే ఉంటాయి. అంటే సిలిండరూ సీసపు బరువులూ మోసుకుంటూ రాళ్ల మీద నడిచే దూరం తక్కువ. యాభై పౌండ్ల పైచిలుకు మోసేవాడికి ఇదే పెద్ద పండగ.

నలభై అడుగుల దగ్గర ఒక బీరు సీసా. దాని మూతి దగ్గర రెండు వేళ్లంత చేతులు, సన్నటి బొడిపెలు. వాడు టార్చితో వలయం తిప్పాడు, అంటే 'ఇటు రా'. సీసాలో ఆక్టోపస్. ఇప్పుడు అసలు ప్రశ్న: ఇది చిన్నప్పటి జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్సా, లేక పెద్దయినా ఇంతే ఉండే రెడ్ ఆక్టోపస్సా? ఎర్రగా ఉందనుకుంటే లాభం లేదు, రెండూ క్షణానికో రంగు మారుస్తాయి. నేను చూస్తుండగానే ఇటుక రంగు నుంచి పాలిపోయిన తెలుపుకి వచ్చేసింది.

చూడాల్సింది కంటి కింద. రెడ్ ఆక్టోపస్‌కి కంటి కింద మూడు చిన్న చర్మపు పొరలు, కనురెప్పల వెంట్రుకల్లా ఉంటాయి. జెయింట్‌కి అవి ఉండవు, బదులుగా ఒంటి మీద నిలువు మడతలు. టార్చి సూటిగా వేస్తే లోపలికి ముడుచుకుపోతుంది కాబట్టి వెలుగు పక్కకి తిప్పి, దాని అంచు వెలుతురులో చూస్తూ కూర్చున్నాను. ముందు ఒక కన్ను సీసా అంచు దాటింది. అడ్డంగా ఉన్న నల్లటి గీత, దాని కింద ఒకటి, రెండు... మూడోది కనిపించేసరికి సిలిండర్లో మిగిలిన గాలిని చూపే నా ప్రెషర్ గేజ్ 1100 చూపిస్తోంది. పలక మీద 'సీసా బాబాయి' అని రాశాను.

పెద్దది కూడా కనిపించింది, దూలం కింది కన్నంలో. అసలు కనిపించింది దాని చెత్తకుప్ప: గుమ్మం ముందు ఖాళీ పీత డొప్పలు, గవ్వ చిప్పలు. ఇంటి ముందు విస్తరాకులు చూసి లోపల భోజనాలు జరిగాయని చెప్పినట్టే. లోపల పెద్ద పెద్ద పీల్చుడు గిన్నెలు వరసగా. మెల్లగా ఊపిరి.

ఈ చోటికి ఒక చరిత్ర ఉంది. 2012లో ఇక్కడి నుంచే ఒకతను జెయింట్ ఆక్టోపస్‌ని పట్టుకుని ఒడ్డుకి తెచ్చాడు. అప్పటికది చట్టప్రకారం తప్పు కాదు. చూసిన డైవర్లు ఊరుకోలేదు, గొడవ పత్రికలకెక్కింది, 2013లో వాషింగ్టన్ రాష్ట్రం ఈ కోవ్‌తో కలిపి ఏడు డైవింగ్ చోట్ల ఆక్టోపస్‌ని పట్టడం నిషేధించింది. బతికేది మూడు నుంచి అయిదేళ్లు. ఆడది ఒక్కసారే వేలకొద్దీ గుడ్లు పెట్టి, నెలల తరబడి తిండి మానేసి వాటికి నీళ్లు విసురుతూ కాపలా కాసి, పిల్లలు బయటికి రాగానే చచ్చిపోతుంది. ఇది ఆడదో మగదో నాకు తెలీలేదు. చెయ్యి బయట పెడితే చెప్పొచ్చట, కుడివైపు మూడోది. అది పెట్టలేదు, నేనూ అడగలేదు.

లెక్క: 27.

డిసెంబర్ 27, ఇల్లు

గాలివాన, డైవ్ రద్దు. అమ్మ వైజాగ్ నుంచి వీడియో కాల్. "ఏరా, జలుబు చేసి ముక్కు మూసుకుపోయిందా? ఆ మంచునీళ్లలో ఏముందిరా, మన బీచి లేదూ?" సీసా బాబాయి ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "పాపం, దానికి ఇల్లు లేదేమో" అంది. తర్వాత, "నువ్వు మాత్రం కాళ్లకి మేజోళ్లు వేసుకో."

నిజానికి జలుబే. ముక్కు మూసుకుపోతే చెవుల్లో ఒత్తిడి సమానం చేసుకోలేం, అప్పుడు దిగడం పిచ్చితనం. గాలివాన నా పరువు కాపాడింది.

జనవరి 10, కోవ్ 2

నీళ్లు 48, సెల్సియస్‌లో తొమ్మిది. కానీ ప్లాంక్టన్ లేక ముప్పయి అడుగుల దూరం కనిపించింది. ఇక్కడి లెక్కలో ఇది అద్దం.

మెలిబే! ఇంగ్లీషులో హుడెడ్ న్యూడిబ్రాంక్. పైనున్న కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు ఆకుల మీద పదుల కొద్దీ, గాజు చేసినట్టు ఒళ్లు, తల స్థానంలో వలలాంటి పెద్ద గొడుగు. ఆ గొడుగు తెరిచి, నీళ్లలోని చిన్న జీవుల్ని చుట్టేసి, అంచులు మూసి, మింగి, మళ్లీ తెరుస్తుంది. మిగతా నత్తల్లా గీరి తినే నాలుక దీనికి లేనే లేదు. మా గోదావరి కాలవల మీద విసురువల వేసేవాళ్లు గుర్తొచ్చారు, వల విసిరి, దగ్గరికి లాగి, మళ్లీ విసరడం. నీళ్లలోంచి తీస్తే పుచ్చకాయ వాసన వేస్తుందంటారు. తియ్యలేదు. పలక మీద మాత్రం 'పుచ్చ' అని రాశాను.

కింద ఇంకో చక్కటిది, హెర్మిసెండా. వీపంతా నారింజ కొసల వేళ్లు. 2016 దాకా ఈ తీరమంతటా ఒకే జాతి అనుకున్నారు. తర్వాత జన్యువులు చూసి విడదీశారు: వీపు వేళ్ల ముందువైపు తెల్లటి నిలువు గీత ఉంటే క్రాసికార్నిస్, లేకపోతే ఒపలెసెన్స్. నేను తీసిన ఆరు ఫోటోల్లో అయిదు మసక. ఆరోదాంట్లో గీత ఉంది. టీజీ-6 కెమెరాలో మైక్రోస్కోప్ మోడ్ కనిపెట్టినవాడి కడుపు చల్లగా ఉండాలి.

స్పైనీ లంప్‌సకర్ కోసం పదిహేను నిమిషాలు వెతికాను. పింగ్‌పాంగ్ బంతంత గుండ్రటి చేప, పొట్ట కింద పీల్చుడు చక్రంతో ఆకుకి అతుక్కుని ఉంటుంది. వాడికి కనిపించింది, నేను ఈదుకుంటూ వెళ్లేలోపు లేదు. నాకు కనిపించలేదు కాబట్టి లెక్కలో లేదు. ఈ షరతు ఎవడు పెట్టాడో.

లెక్క: 33.

జనవరి 24, ఎడ్మండ్స్

ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్కు, ఫెర్రీ రేవు పక్కనే. 1935లో ఇక్కడ ఒక పాత డ్రై డాక్‌ని (ఓడలు మరమ్మతు చేసే తేలే రేవుని) ముంచారు, 1970లో ఈ చోటుని రక్షిత పార్కు చేశారు. వేటలేక చేపలు పెరిగి పెద్దవయ్యాయి. లోతు తక్కువ, నలభై అడుగులు. అడుగున తాళ్లు కట్టి దారులు వేశారు, తాడు పట్టుకుని పోవడమే.

లింగ్‌కాడ్ కాలం ఇది. బండ సందులో తెల్లటి థర్మోకోల్ ముద్ద లాంటిది కనిపించింది, పుచ్చకాయంత. ఎవరో చెత్త పడేశారనుకుని చెయ్యి చాచబోయాను. వాడు నా కాలి ఫిన్ (ఈతరెక్క) పట్టుకుని వెనక్కి లాగాడు. అప్పుడు కనిపించింది: ఆ ముద్ద పక్కన బండే అనుకున్నది బండ కాదు. పెద్ద చేప, మచ్చల ఒళ్లు, నోరు సగం తెరిచి, వరసగా సూదుల్లాంటి పళ్లు. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, మగది వారాల తరబడి అక్కడే కాపలా ఉంటుంది. పీతలు, చేపలు, డైవర్లు, దానికి అందరూ ఒకటే.

వెనక్కి జరిగాం, ఆరడుగులు. అది ఒక్క అంగుళం ముందుకొచ్చి ఆగింది. ఆ అంగుళానికి అర్థం మా ఇద్దరికీ తెలిసింది. గుడ్ల ముద్ద మీద టార్చి పక్కగా వేస్తే ఒక్కో గుడ్డూ సగ్గుబియ్యం గింజలా కనిపించింది, కొన్నింట్లో చిన్న చుక్క. కళ్లనుకుంటా.

నా బుడగల చప్పుడు దానికి నచ్చలేదని అర్థమయ్యాక అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. కొత్తవి మూడే దొరికాయి ఇవాళ, కానీ ఈ సీజన్‌లో మళ్లీ మళ్లీ కళ్లముందుకొచ్చేది ఆ తెరిచిన నోరే.

లెక్క: 36.

ఫిబ్రవరి 7, కోవ్ 2

స్టార్‌ఫిష్‌ల రోజు. చేతులు లెక్కపెట్టడం పని. స్ట్రైప్డ్ సన్ స్టార్‌కి ఎక్కువగా పది, ప్రతి చేతి మీదా నడిమధ్య ముదురు చార. మార్నింగ్ సన్ స్టార్‌కి పదకొండో పన్నెండో, అది తోటి స్టార్‌ఫిష్‌లనే తింటుంది. లెదర్ స్టార్ తడి తోలులా జారుగా ఉంటుంది, వెల్లుల్లి వాసన దాని పేటెంటు.

నేను వెతికింది సన్‌ఫ్లవర్ స్టార్‌ని. పెద్దయితే మీటరు వెడల్పు, ఇరవై నాలుగు దాకా చేతులు, నిమిషానికి మీటరు నడిచే వేటగత్తె. 2013లో మొదలైన 'వేస్టింగ్' అనే రోగం ఈ తీరంలోని స్టార్‌ఫిష్‌లని కరిగించేసింది, చేతులు ఊడిపోయి, ఒళ్లు జిగురయిపోయి. సన్‌ఫ్లవర్‌లలో తొంభై శాతం పైగా పోయాయి. 2020లో అంతరించే ప్రమాదం అత్యధికంగా ఉన్న జాతుల్లో చేర్చారు. పన్నెండేళ్లు కారణం తేలలేదు, 2025 ఆగస్టులో విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని తేల్చారు. కలరా తెచ్చేదీ విబ్రియోయే, వీటికి అది దాయాది.

దొరికిందా? యాభై అడుగుల దగ్గర, సీసా పెంకు పక్కన, నా అరచేతికన్నా చిన్నది. పుట్టినప్పుడు వీటికి అయిదారు చేతులే ఉంటాయి, పెరిగేకొద్దీ మధ్యలో కొత్తవి మొలుస్తాయి. మూడుసార్లు లెక్కపెట్టాను: పన్నెండు, పదమూడు, పదమూడు. రెండు మాత్రం మిగతా వాటికన్నా పొట్టి, అప్పుడే మొలుస్తున్నవి. సన్ స్టార్ చేతులు అన్నీ ఒకే పొడుగుంటాయి. ఒళ్లంతా మెత్తగా నూగు. అందుకే రాశాను. పక్కన ఎస్ అని, చుట్టూ రెండుసార్లు గీత.

లెక్క: 41. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "నలభై ఒకటా, నూట పదహార్లా? మొహం చూస్తే అలా వెలిగిపోతోంది" అంది.

ఫిబ్రవరి 12, ఇల్లు, రాత్రి పదకొండు

ఫోటోలన్నీ ఐనాచురలిస్ట్‌లో, అంటే ఫోటో పెడితే ఏ జీవో జనం గుర్తుపట్టి చెప్పే సైట్‌లో, ఎక్కిస్తున్నాను. నంబర్ 4 కింద ఎవరో ముక్కు మొహం తెలియనాయన ఒక్క ముక్క రాశాడు: మొప్పలు చూడండి.

చూశాను. డోరిడ్ నత్తలకి మొప్పలు వీపు చివర, పువ్వులా విచ్చుకుని ఉంటాయి. నోబుల్ అయితే అవి తెల్లగా ఉండాలి. నా ఫోటోలో ఉన్నవి పసుపు, ఒంటి రంగే. గుండె జారింది. ఇప్పుడు బొడిపెలు. నోబుల్‌కి నలుపు బొడిపెల మధ్య సందుల్లోనే ఉంటుంది, బొడిపె కొసలు శుభ్రంగా ఉంటాయి. మాంటెరేకి ఆ నలుపు కొన్ని బొడిపెల మీదికి కూడా ఎక్కుతుంది. స్క్రీన్ మీద పెద్దది చేసి, ఒక్కొక్క బొడిపే వేలితో లెక్కపెట్టుకుంటూ పోయాను. కుడివైపు మూడు, వెనక రెండు, కొసల మీద మిరియప్పొడి.

మాంటెరే. నంబర్ 15 కూడా మాంటెరేనే, అది సరిగ్గానే ఉంది. ఆరోజు వెలిసిపోయింది కాబట్టి మాంటెరే అన్నాం, ఇది మెరిసింది కాబట్టి నోబుల్ అన్నాను. ఒకే జాతి, రెండు నంబర్లు. గ్రీన్‌లింగ్ దగ్గర నవ్వుకున్న రేషన్ కార్డు కథే, ఈసారి నాలుగు నెలలు ఆలస్యంగా. నా షరతు ప్రకారం నంబర్ 4 మొదటి రోజే చెల్లదు, ఆ రోజు నేను చూసింది రంగు ఒక్కటే.

వాడికి మెసేజ్ పెట్టాను. జవాబు వెంటనే వచ్చింది: "నేనూ అప్పుడు చూళ్లేదు అన్నా. 21న వెళ్దాం, గుంజల దగ్గర."

లెక్క: 40.

ఫిబ్రవరి 21, కోవ్ 2

సీజన్ ఆఖరి డైవ్. నీళ్లు 47. జిప్పు మూడుసార్లు చూసుకున్నాను.

ఇంకెక్కడికీ పోలేదు. లంప్‌సకర్ లేదు, ఆక్టోపస్ గుమ్మం లేదు, గుంజల మీద నిమ్మల కోసమే. మొదటిది మాంటెరే, మిరియాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. రెండోదీ మాంటెరే, బ్రెడ్‌పొడిలా ఉండే పసుపు స్పాంజి మీద కూర్చుని మేస్తోంది. అయిదో గుంజ దగ్గర వాడు వలయం తిప్పాడు.

పెద్దది, నా చెయ్యంత, నారింజకి దగ్గరి పసుపు. ఈసారి రంగు సంగతి తర్వాత. బొడిపెల దగ్గరికి టార్చి పక్కగా పట్టాను. నలుపు సందుల్లోనే ఉంది. కొసలు శుభ్రం. మొప్పలు చూద్దామని ముందుకి జరిగాను, నా చేతి కదలికకి నీళ్లు తగిలాయి కాబోలు, పువ్వు చప్పున గుంటలోకి ముడుచుకుపోయింది.

గేజ్ 1300. గుంజకి చేతులు ఆనించకుండా, ఊపిరి సన్నగా వదులుతూ ఆగాం. వేళ్లు మొద్దుబారాయి. 1150. వాడు చేత్తో 'ఇంకెంతసేపు' అన్నాడు, నేను అరచెయ్యి చూపించాను. 1000కి దగ్గరపడుతుండగా వెనక చిన్న రంధ్రం తెరుచుకుంది. ముందు ఒక కొస, తర్వాత ఇంకోటి, పొద్దున్నే తుమ్మిపువ్వు విచ్చుకున్నట్టు.

పలక మీద రాయడానికి వేళ్లు వంగలేదు. పెన్సిల్ పిడికిలితో పట్టుకుని ఒక్క మాట రాసి వాడికి చూపించాను: తెల్లవి.

లెక్క: 41.